చండీపురా చుట్టం

గాలికుంటు అంటే ఏమిటో ఇబ్రహీంపట్నం పాడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నోట్లో పొక్కులు, కారే చొంగ, గిట్టల మధ్య పుండ్లు చూడగానే పోల్చుకుంటాడు. ఇక్కడ మైక్రోబయాలజీ చెప్పే నేను వైరస్‌ల పాఠం ఆ పొక్కుల దగ్గరే మొదలుపెడతాను. అమెరికా ఖండాల్లో పశువులకు అచ్చం అలాంటి పొక్కులే తెచ్చే వైరస్ ఇంకొకటుంది. పేరు వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్, క్లుప్తంగా వీఎస్‌వీ. గాలికుంటు గుర్రాల జోలికి పోదు, ఇది వాటినీ వదలదు.

మన దగ్గర లేని వైరస్ మనకెందుకని విద్యార్థులు అడుగుతారు. దాని దగ్గరి చుట్టం మన పిల్లల్ని పొట్టన పెట్టుకుంది కాబట్టి. 1965లో నాగపూర్‌లోని చండీపురాలో బయటపడిన వైరస్ దీని జాతిదే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వస్తే 183 మంది చనిపోయారు. కారణం చండీపురా అని తేల్చింది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్ఐవీ). మట్టిగోడల పగుళ్లలో దాక్కునే ఇసుక ఈగలు దాన్ని మోస్తాయి.

పరిశోధన రోజుల్లో వీఎస్‌వీతో నాకు బాగా నచ్చిన పని ప్లేక్‌ల లెక్క. ప్లేటులో ఒక పొరగా పెరిగిన కణాల మీద వైరస్‌ను పలుచన చేసి వేస్తాం, పైన జెల్ పోస్తాం. వీఎస్‌వీ ఎక్కువసేపు ఆగనివ్వదు. మర్నాడు క్రిస్టల్ వయొలెట్ పోసి కడిగితే ఊదారంగు పొరలో రంగు పట్టని గుండ్రటి ఖాళీలు తేలతాయి. అవే ప్లేక్‌లు. ఒక్కో ఖాళీ ఒక్కో వైరస్ కణంతో మొదలైనదే. తొందరపడితే లెక్క తప్పుతుంది. ఓపిక నాకు అలవడింది ఆ ప్లేట్ల ముందే.

ఐదే జన్యువులున్న ఈ వైరస్ మనిషికి ఎంతో ఇచ్చింది. తన ఆర్‌ఎన్‌ఏను నకలు తీసే ఎంజైమును అది వెంటే మోసుకెళ్తుందని 1970లో శాస్త్రవేత్తలు డేవిడ్ బాల్టిమోర్, ఆలిస్ హువాంగ్, మార్తా స్టాంప్‌ఫర్ కనుగొన్నారు. ఆ దారినే బాల్టిమోర్ కంతులు పుట్టించే వైరస్‌లలో రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైమును పట్టుకున్నారు, 1975లో నోబెల్ అందుకున్నారు. వీఎస్‌వీ పైతొడుగు ప్రోటీన్ తీసేసి ఎబోలా ప్రోటీన్ పెడితే టీకా అయింది. 2015లో గినీలో పరీక్షించారు, 2019లో యూరప్, అమెరికా అనుమతించాయి. ఇంటర్‌ఫెరాన్ రక్షణ కోల్పోయిన క్యాన్సర్ కణాలను దీనితో చంపే ప్రయత్నాలూ సాగుతున్నాయి.

చండీపురాకు మాత్రం వాడుకలో టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. 2024లో గుజరాత్‌లో మళ్లీ పిల్లలు చనిపోయారు. ప్రపంచానికి టీకాలు పంపే హైదరాబాద్ మనకు కూతవేటు దూరం. జబ్బు కనబడని ఏళ్లలోనే ఈ వైరస్ మీద డబ్బు, మనుషులు, ఓపిక పెట్టాలి. పిల్లలు ఆసుపత్రి పాలయ్యాక మొదలెట్టే పరిశోధన ఆ పిల్లలకు అందదు.