తోలు వాషరు, ఇత్తడి గొట్టం

కిరసనాయిలు పంపు స్టవ్వు ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఎంత కొట్టినా గాలి ఎక్కకపోతే పంపు కడ్డీ బయటికి లాగి, చివర ఎండిపోయిన తోలు వాషరుకు రెండు చుక్కలు కొబ్బరినూనె పట్టించి, వేలితో అంచు విప్పి మళ్ళీ తొడిగేవాళ్ళు. పాత పంపు ఎయిర్ రైఫిల్‌కి ప్రాణం పోసే పని కూడా ఇలాంటిదే.

అమెరికాలో ఈ రైఫిళ్ళు చేసిన పాత కంపెనీల్లో రెండు పేర్లున్నాయి: సెయింట్ లూయిస్‌లో పుట్టిన బెంజమిన్, 1947లో విస్కాన్సిన్‌లోని రసీన్ పట్టణం నుంచి వచ్చిన షెరిడన్. షెరిడన్ గుండు 5 మిల్లీమీటర్లది. మన దేశంలో 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు దాటితే లైసెన్సు కావాలి, కాబట్టి ఇది మనవైపు కనిపించడం అరుదు. ఇత్తడి గొట్టం, వాల్‌నట్ కర్ర, ముందు చెయ్యి పట్టే చోట మీట. మీటను 3 నుంచి 8 సార్లు కొడితే వాల్వు గదిలో గాలి బిగుస్తుంది.

బాగుచేసే మనిషి ముందు చూసేది లోపల గుండు గానీ గాలి గానీ మిగిలి ఉందా అని. అది తేలాకే రోగనిర్ణయం. కొట్టేకొద్దీ మీట బిగుసుకోకపోతే లోపం పిస్టన్ కప్పుది; స్టవ్వులో వాషరు చేసే పని ఇక్కడ చేసేది అదే. మూసిన మీట దానంతటదే పైకి లేస్తే గాలిని లోనికి తీసుకునే వాల్వు దాన్ని వెనక్కి వదులుతోంది. గొట్టం మూతికి రాసిన సబ్బునురగ బుడగ కడితే గాలిని బయటికి వదిలే వాల్వు సరిగా కూర్చోవడం లేదు.

అసలు నైపుణ్యం ఒక సన్నటి సందు దగ్గర ఉంది. మీట పూర్తిగా మూసినప్పుడు పిస్టన్ తల వాల్వు ముఖాన్ని తాకాలి. నడుమ కాగితమంత ఖాళీ మిగిలినా అక్కడ నలిగిన గాలి వాల్వులోకి దూరదు, మీట తెరవగానే మళ్ళీ ఉబ్బుతుంది. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఈ నష్టమూ పెరుగుతుంది. చివరి దెబ్బలకు చెయ్యి నొప్పే మిగులుతుంది. కొత్త కప్పు వేసి కూడా ఈ సందు చూడనివాళ్ళు సగం పని వదిలేసినట్టే. బలం చాలడం లేదని ఎనిమిది దాటి కొట్టడం మరీ తప్పు. గాలి వాల్వును ఎంత గట్టిగా అదిమిపడుతుందంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడు పడే సుత్తి దెబ్బకు అది సరిగా తెరుచుకోదు, పైగా మీట పిన్నులు వంగుతాయి.

కప్పు వెనుక ఉన్ని బిళ్ళకు నూనె రెండు చుక్కలు చాలు. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకూడదు, సీళ్ళు పాడవుతాయి. గొట్టాన్ని పంపుకు అతికినది టంకం, అందుకే మంట దగ్గరికి రానివ్వరు. రంగు అరిగి ఇత్తడి తేలిన చోట, చెయ్యి పట్టిన మేర నల్లబడిన కర్రమీద మెరుగు పెట్టొద్దనే నేనంటాను. ఆ అరుగుదల దాన్ని ఏళ్ళ తరబడి వాడిన చేతులది. గీకేస్తే తిరిగి రాదు.

అంతా బిగించాక గుండు వేయకుండా మూడుసార్లు కొట్టి, రాత్రికి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తెల్లారి గొట్టాన్ని మట్టికట్ట వైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కితే, నిన్నటి గాలి చప్పట్లా పేలాలి.