లోగన్: అంగిరసవిచారము

జేమ్స్ మాంగోల్డు దర్శకత్వమున 2017వ సంవత్సరమున వెలువడిన ‘లోగన్’ అను అమెరికా చలనచిత్రమును వీరరసప్రధానమని తలంచుట పొరపాటు. ఇందు స్థాయి శోకము, ఉత్సాహము సంచారిమాత్రము.

కథాకాలము 2029. గాయములు తమంతఁ దామే మాను దేహముగల మహాశూరుఁడు వార్ధకమున బాడుగకారు తోలుచు, మతి చలించిన గురువగు చార్లెస్ జేవియరును దాఁచి పోషించుచుండును. ఎముకలకుఁ దాపడము చేసిన లోహమే విషమై యాతనిని క్షయింపఁజేయుచున్నది. బలహేతువే మరణహేతువైన యీ కల్పన మిక్కిలి శ్లాఘ్యము. హింస మాత్రము మితిమీఱినది. బాలిక లారాచేఁ జేయించిన వధలు కొన్ని రసపోషకములు గావు.

రంగమున మరణమును మన నాటకలక్షణము నిషేధించినను, ఊరుభంగమున దుర్యోధనుఁడు ప్రేక్షకుల యెదుటనే ప్రాణములు విడుచును. కొడుకు దుర్జయుఁడు విఱిగిన తొడలపైఁ గూర్చుండఁ గోరును. ఆ కరుణమే యిచ్చటను గలదు. తన దేహబీజమునుండి ప్రయోగశాలయందు సృష్టింపఁబడిన లారాను కూఁతురుగా నంగీకరింపనొల్లని లోగను, ప్రాణము పోవువేళ నామె నోట ‘నాన్నా’ యను పిలుపు వినును. సంబోధనము అభిముఖీకరణార్థకమని వైయాకరణులమందుము. చిరకాలము విముఖుఁడైయున్నవానిని ఆ యొక్క పదము అభిముఖునిఁ జేసినది. హ్యూ జాక్‌మన్ ఆ వేషమును 2024లో వేఱొక చిత్రమున మఱల దాల్చినను, ఈ మరణమునకు వచ్చిన లోటు లేదు.

లారా సమాధిపైని శిలువను పెఱికి, ప్రక్కకు వాల్చి, తమ వర్గచిహ్నమగు ‘ఎక్స్’ అక్షరముగా నిలిపి వెడలును.