జానకి విముక్తి నుంచి విముక్త దాకా

తెలుగు సాహిత్యంలో మొగుణ్ణి విడిచిపెట్టిన స్త్రీని గురించి జరిగినంత చర్చ ఆమె చంకలోని బిడ్డను గురించి జరగలేదు. చలం ‘మైదానం’ వెలువడిన నాటినుంచీ మన విమర్శ, ఆమె గడప దాటవచ్చునా కూడదా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. దాటవచ్చునన్నవాడు అభ్యుదయవాది, కూడదన్నవాడు ఛాందసుడు అని తేల్చుకుని మనం తృప్తి పడ్డాం. దాటిన మర్నాడు బిడ్డకు పాలెవరు కొంటారు? జ్వరం వస్తే పని మానుకుని యెవరు కూర్చుంటారు? బడిలో తండ్రి పేరడిగితే యేం చెప్పాలి? ఇవన్నీ ఇంటి గొడవలే గాని సాహిత్య సమస్యలు కావనుకున్నాం. వీటిని సాహిత్య సమస్యలుగా నిలబెట్టినవారు రచయిత్రులు. భార్యాత్వం ఒక ముడి, మాతృత్వం మరొక ముడి. మొదటిదానికన్నా రెండవది గట్టిది. ఈ సంగతి తేటపడాలంటే రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’నీ, ఓల్గా ‘విముక్త’నూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి సాంఘిక నవల, మరొకటి పురాణకథల సంపుటి. అయినా రెండింటిలోనూ కథానాయిక పేరు సీతే, రెండింటి గమ్యమూ విముక్తే.

ముందు చట్టం సంగతి చూద్దాం. మద్రాసు రాష్ట్రంలో 1949లో వచ్చిన చట్టం ద్విభార్యాత్వాన్ని నిషేధించి, హిందూ స్త్రీకి విడాకులు కోరే హక్కు ఇచ్చింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనే వున్నాయి. 1955 నాటి హిందూ వివాహచట్టం ఈ హక్కును దేశస్థాయికి తెచ్చింది. 1976లో చేసిన సవరణ ఉభయుల సమ్మతితో విడిపోవడానికి దారి ఏర్పరచింది. అయితే విడాకులు మన సమాజానికి చట్టం తెచ్చిపెట్టిన వింత కాదు. కష్టజీవుల కులాలు యెన్నింటిలోనో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకోవడమూ, మారుమనువు వెళ్ళడమూ పాత ఆచారమే. 1955 చట్టం కూడా తన 29వ సెక్షనులో ఆ ఆచారాన్ని గుర్తించక తప్పలేదు. పెళ్ళి తెగరాని బంధంగా బిగుసుకున్నది ముఖ్యంగా ఆస్తీ, వారసత్వమూ, వాటిని కాపాడే కులమర్యాదా వున్నచోట. తెలుగు నవలలోని విడాకుల సమస్య ప్రధానంగా మధ్యతరగతి సమస్య కావడానికి కారణం ఇదే. మధ్యతరగతిది గనుక చిన్న సమస్య అనడానికి మాత్రం వీల్లేదు. కింది తరగతులు కాస్త పైకి రాగానే మొట్టమొదట అనుకరించేది ఈ మర్యాదనే.

రంగనాయకమ్మ ఈ మర్యాదను లోపలినుంచి యెరిగిన రచయిత్రి. 1958లో జరిగిన పెళ్ళినుంచి ఆమె 1970లో బయటికి వచ్చారు. అంతకుముందే, 1960లలోనే, కాపురాల లోగుట్టును ‘పేకమేడలు’ వంటి నవలలలో బయటపెట్టారు. అంటే జీవితం మారిన తరువాత దాన్ని రాసుకోవడం కాదు ఇక్కడ జరిగింది. రాస్తూ రాస్తూ పరిస్థితిని అర్థం చేసుకోవడం మొదట జరిగింది. రచన అద్దం అన్న మాట మనం తరుచు వాడతాం. ఆమె విషయంలో రచన లెక్కల పుస్తకం. ఇంటిలో యెవరెంత పని చేస్తున్నారు, యెవరికెంత ముడుతున్నది అనే జమాఖర్చులు అందులో వున్నాయి.

‘జానకి విముక్తి’ 1970ల చివరలో ఆంధ్రప్రభ వారపత్రికలో ధారావాహికగా మొదలై మధ్యలో ఆగిపోయింది. తరువాత పుస్తకరూపంలో పూర్తయింది. వారపత్రికలలో అత్తల ఆరళ్ళు కొత్తకాదు, ఏడిచే కోడళ్ళూ కొత్తకాదు. కోడలు ఏడుపు మాని ప్రశ్నలు వేయడం, అన్న ఆమెను బుజ్జగించి మొగుడి దగ్గరికి పంపడానికి మారుగా బయటికి రమ్మనడం కొత్త. జానకి భర్త వెంకట్రావు రాక్షసుడు కాడు. మనం రోజూ చూసే మామూలు మనిషి. నవల బలం అందులోనే వున్నది. రాక్షసుడైతే తప్పంతా అతని స్వభావం మీదికి పోతుంది. మామూలు మనిషి అయినందువల్ల తప్పు సంబంధంలోనే వున్నదని పాఠకుడు ఒప్పుకోవలసి వస్తుంది. జానకి విముక్తికి రచయిత్రి చూపిన దారి చదువు, సంపాదన, మార్క్సిజం. అక్కడక్కడా పాత్రలు మాట్లాడడం మాని పాఠాలు చెబుతాయన్న ఆక్షేపణలో కొంత నిజం వున్నది. కాని ఆ పాఠాలు విని ఇంటిలో పనులు పంచుకోవడం నేర్చినవారు కూడా వుంటారని ఆ ఆక్షేపణ చేసేవారు మరచిపోకూడదు.

ఈ నవల ప్రధానంగా తలపడింది భార్యాత్వంతో. భార్య మీద భర్తకు గల హక్కు యెంత లోతుగా పాతుకుపోయిందో 1983లో మరొక విధంగా తెలిసింది. విడిగా వుంటున్న భార్యను కాపురానికి రమ్మని కోర్టుద్వారా ఆదేశించే వీలు వివాహచట్టం 9వ సెక్షనులో వున్నది. అది రాజ్యాంగ విరుద్ధమని ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి. ఏ. చౌదరి తీర్పు చెప్పారు. స్త్రీ తన శరీరంమీద తానే నిర్ణయం చేసుకోవాలన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాదే, 1984లో, సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లుతుందన్నది.

ఇక తల్లి సంగతి. తెలుగు దేశంలో సీతను ఆడవాళ్ళు మొదటినుంచీ తమ ఇంటి ఆడపిల్లగానే పాడుకున్నారు. సీత వేవిళ్ళ పాటలోనూ, ఊర్మిళాదేవి నిద్ర పాటలోనూ వున్నది రాజ్యం కాదు, పడకగదీ పురిటిగదీ. 1963లో ‘లవకుశ’ సినిమా వచ్చినప్పుడు జనం కన్నీరు కార్చింది ఈ తల్లిని చూసే. అయితే కన్నీరు తల్లిని పూజిస్తుంది, ప్రశ్న వేయదు. ప్రశ్న వేసింది ఓల్గా. ‘విముక్త’ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఈ కథలలో సీతకు శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ యెదురుపడతారు. ఒక్కొక్కరు ఒక్కొక్క విషయం ఆమె చేత ఆలోచింపజేస్తారు.

‘సమాగమం’లో లవకుశులు అడవిలో ఒక అందమైన తోటనూ, దాన్ని పెంచిన కురూపిని చూసి వచ్చి తల్లికి చెబుతారు. ఆ స్త్రీ శూర్పణఖ. ముక్కుచెవులు పోగొట్టుకున్న ఆమె పగ వదిలి మొక్కలు పెంచుకుంటున్నది. పిల్లలు అయోధ్యకు వెళ్ళిపోయిన తరువాత సీత సంగతేమిటన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. తల్లులను ఈ ప్రశ్న అడిగినవారు మన సాహిత్యంలో అరుదు. ‘సైకత కుంభం’లోని రేణుక ఇంకా ముందుకు పోతుంది. భర్త ఆజ్ఞపై కొడుకు చేతనే గొడ్డలి పడ్డ తల్లి ఆమె. కొడుకులే తన ప్రపంచమనుకునే సీతకు, ఆ కొడుకులు యెవరి ఆజ్ఞకు లోబడతారో ఆలోచించుకోమంటుంది. మాతృత్వాన్ని తిట్టడం కాదిది. తల్లి ప్రేమ యెంత గొప్పదైనా బిడ్డమీద అధికారం తండ్రిదే అయినచోట ఆ ప్రేమ ఇసుకకుండ అని చెప్పడం.

ఇప్పుడు 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తీసి చూడండి. మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రి, అతని తరువాత తల్లి. ఐదేళ్ళు నిండని బిడ్డ మాత్రం సాధారణంగా తల్లి దగ్గర వుండాలి. 1999లో రచయిత్రి గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ‘తరువాత’ అన్న మాటకు తండ్రి మరణించాకనే అని కాక, అతడు బాధ్యత వహించనప్పుడు అనే అర్థం కూడా చెప్పింది. పిల్లల క్షేమమే ముఖ్యమని కోర్టులు చూస్తాయి కూడా. కాని చట్టంలోని వరస అలాగే వున్నది. పాలిచ్చి, ఒళ్ళు తుడిచి, రాత్రిళ్ళు మేలుకునే వయసులో బిడ్డ తల్లిది. వంశం పేరు మోయగల వయసు వచ్చేసరికి తండ్రిది. రామాయణంలో జరిగింది కూడా ఇదే. గర్భిణిగా అడవికి పంపినప్పుడు రాజ్యానికి ఆ బిడ్డలు అక్కరలేదు. విల్లు పట్టి, గొంతెత్తి పాడే వయసులో వారసులుగా కావలసి వచ్చారు. ఓల్గా సీత బిడ్డలను పంపి, తాను మాత్రం సభలో రుజువు చూపడానికి పోనంటుంది. అధికారం ముందు రుజువు పెట్టడమంటే ఆ అధికారాన్ని ఒప్పుకోవడమేనని ఆమె అప్పటికి నేర్చుకుంది.

ఈ కథలకు ఒక పరిమితి వున్నది. అడవిలో ఇంటి అద్దె లేదు, నెలజీతం లేదు, బడి ఫీజు లేదు. విముక్తి అంతా మనసులోని అధికారాన్ని వదిలించుకోవడంగానే కనబడే ప్రమాదం వున్నది. కాని కథను జాగ్రత్తగా చదివితే భౌతికమైన ఆధారం కూడా కనిపిస్తుంది. సీత ఇద్దరు బిడ్డలను పెంచగలిగింది వాల్మీకి ఆశ్రమం వున్నందువల్ల. తలదాచుకోను చోటు, పదిమందితోపాటు తిండి, పిల్లలకు చదువు అక్కడ దొరికాయి. రంగనాయకమ్మ జానకికి సంపాదన కావాలన్నది. ఓల్గా సీతకు ఆశ్రమం దొరికింది. ఒకరి పుస్తకంలోని లోటు మరొకరి పుస్తకం పూరిస్తుంది. మొగుడినుంచి విడిపోయిన తల్లికి రెండూ కావాలి.

మన ప్రభుత్వాలు ఆశ్రమాన్ని యెంత చవకగా నడుపుతున్నాయో అంగన్వాడీలను చూస్తే తెలుస్తుంది. 1975లో మొదలైన ఈ పథకంలో పనిచేసే స్త్రీలకు ఇచ్చేదాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటారు. తల్లిపనికి గౌరవమే కూలి అన్న పాత నీతి ఇది. దీనిమీదనే ఆంధ్రప్రదేశ్ అంగన్వాడీలు 2023 డిసెంబరునుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు.

కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి కవితలు ప్రసవాన్నీ గర్భస్రావాన్నీ కవిత్వ వస్తువులు చేసినప్పుడు, ఆ తరం స్త్రీల కవిత్వాన్ని ‘నీలి’ అని ఈసడించినవారిలో అభ్యుదయ పక్షంవారు కూడా వున్నారు. ఫ్యాక్టరీలో చిందే చెమట గౌరవనీయమూ, పురిటిగదిలో కారే నెత్తురు అసభ్యమూ ఎట్లా అయిందో వారు చెప్పలేదు. శ్రమను గురించి మాట్లాడేవారికి మనుషులను కని పెంచే శ్రమ కనబడకపోతే అది సిద్ధాంతంలోని లోపం. సభ్యత పేరుతో దాన్ని కప్పడం కుదరదు.

కనుక ఈ పుస్తకాలను స్త్రీవాద విభాగమనే బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. ఉపాధ్యాయులు తరగతిలో వీటిని వారసత్వ చట్టంతోనూ కూలిరేట్లతోనూ కలిపి చదివించాలి. మారుమనువు ఆచారంగా వున్న కుటుంబాల స్త్రీలు తమ తెగతెంపుల కథలు తామే రాసేటట్లు చూడాలి. అవి వస్తే జానకి కథకూ సీత కథకూ మరొక కొలత దొరుకుతుంది. మన సాహిత్య సభల వేళలు బిడ్డతల్లులు రాగల వేళలేనా అని సంఘాలు ఆలోచించాలి. సభా ప్రాంగణంలో పిల్లలను చూసుకునేందుకు ఒక గదీ, వంతులవారీగా ఇద్దరు మగవాళ్ళూ వుంటే చాలు, ఈ వ్యాసం మీద చర్చకు వచ్చేవారి సంఖ్య మారుతుంది. చర్చ కూడా మారుతుంది.