చుక్కలు చిక్కబడితే నీడ

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. ఆ సంబరానికైనా, చుట్టుపక్కల గ్రామదేవతల పండగలకైనా గాజుల కొట్లు, జీళ్ల కొట్ల వరసలో పచ్చబొట్లు పొడిచేవాళ్లు కూర్చోవడం ఇక్కడి పెద్దలు ఎరిగిన సంగతే. వెనకటి తరం ఆడవాళ్ల ముంజేతుల మీద ఇప్పటికీ చుక్కల ముగ్గు, తేలు, పువ్వు, పెనిమిటి పేరు కనిపిస్తాయి. ఎరుకల స్త్రీలు సోదె చెబుతూ, బుట్టలు అమ్ముతూ ఊరూరా తిరిగి వీటిని పొడిచేవారు. సీతంపేట వైపు కొండల్లో సవర స్త్రీలు నుదుటి మీద, గడ్డం మీద గీతలు పొడిపించుకునేవారు. అన్నీ చుక్కలూ గీతలే. నీడలు ఉండేవి కావు.

ఇప్పుడు టాటూ దుకాణం మెట్లెక్కే కుర్రాడు ఫోన్లో వాళ్లమ్మ ఫొటో తీసి, ‘అన్నా, అచ్చం ఇలాగే రావాలి’ అంటాడు. ఉత్త గీతలతో మొహం రాదు. బుగ్గ గుండ్రంగా తేలాలన్నా, కంటికింద పల్లం తెలియాలన్నా షేడింగ్ కావాలి. గీత కొన్ని నెలల్లో చేతికి పడుతుంది. కొత్తగా మెషిన్ పట్టినవాళ్లను ఎక్కువ కాలం ఏడిపించేది షేడింగే.

పాత పనికీ కొత్త పనికీ సరుకు దాదాపు ఒకటే. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద వెలువరించిన సంపుటాల్లో పచ్చబొట్టు మసి తయారీ ఉంది. పసుపు, అవిసె ఆకు కలిపి గుడ్డలో చుట్టి, వత్తి చేసి, ఆముదంలో వెలిగించేవారు. పైన బోర్లించిన కొత్త కుండకు పట్టిన మసిని గీకి తీసి, కలిపి, కట్టగట్టిన నాలుగైదు సూదులతో చర్మంలోకి దించేవారు. నేటి సీసాల్లోని నల్ల ఇంకులోనూ ప్రధానంగా ఉండేది కర్బనమే. మారింది సూదిని ఆడించే పద్ధతి. ఎడిసన్ 1876లో పేటెంటు పొందిన కరెంటు కలాన్ని ఆధారం చేసుకుని న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ 1891లో టాటూ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. చేత్తో ఒక్కొక్కటిగా పొడిచే చోట సూది నిమిషానికి వేలసార్లు ఆడటం మొదలైంది.

వేగం ఎంత పెరిగినా మెషిన్ చేసేది చుక్కలు పెట్టడమే. షేడింగ్ గుట్టంతా ఇక్కడే ఉంది. చుక్కలు దగ్గరపడితే నలుపు, ఎడమైతే బూడిద రంగు, ఇంకా పలచబడితే చర్మం. సూది ఒకే వేగంతో ఆడుతున్నప్పుడు చెయ్యి నెమ్మదిగా జరిగితే చుక్కలు చిక్కబడతాయి, చురుగ్గా జరిగితే విడిపోతాయి. ముగ్గు వేసే చెయ్యి ఆగినచోట పిండి దిట్టంగా పడి, విసురుగా లాగినచోట సన్నబడ్డట్టే ఇదీను.

ఒక ఆకు బొమ్మ తీసుకుందాం. ఈనె దగ్గర చీకటి, అంచు దగ్గర వెలుగు ఉండాలి. ఈనె దగ్గర సూది దించి, అంచు వైపు లాగుతూ, లాగుతుండగానే మణికట్టు తేలిగ్గా పైకి లేపాలి. మొదట గట్టి నలుపు, పోనుపోను మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు, చివరికి ఏమీ లేని చర్మం. దీన్ని విప్ షేడింగ్ అంటారు. చుక్కలు విడివిడిగా కనిపించేలా వదిలేస్తే పెప్పర్ షేడింగ్. మెషిన్‌తోనో, చేత్తోనో ఒక్కో చుక్కా లెక్కగా పెట్టుకుంటూ పోతే డాట్‌వర్క్.

మొహాలకు ఈ గరుకుదనం పనికిరాదు. అక్కడ మాగ్నమ్ సూదులు వాడతారు. రెండు వరసల్లో పేర్చిన వెడల్పాటి సూదుల గుంపు అది. దాన్ని చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు తిప్పుతూ పోతే అతుకు తెలియని నునుపు వస్తుంది. అంచులు వంపు తిరిగిన మాగ్నమ్ అయితే చర్మాన్ని తక్కువగా కోస్తుంది. ఇంకును డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి, చిక్కన, మధ్యరకం, పలచన అని మూడు చిన్న మూతల్లో పోసుకుంటారు. ఇది గ్రే వాష్.

లోతు తప్పితే ఈ నేర్పంతా వృథా. సూది సుమారుగా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగాలి. పైపొరలోనే ఆగిన ఇంకు పొక్కుతోపాటు రాలిపోతుంది. మరీ దిగితే కొవ్వులోకి పాకి గీత చుట్టూ నీలంగా మసకేస్తుంది. ఎడమ చేత్తో చర్మాన్ని బిగువుగా సాగదీసి పట్టుకోకపోతే చుక్క ఎక్కడ పడుతుందో సూదికే తెలియదు. ఇంకా నల్లబడలేదని ఒకే చోట పదే పదే రుద్దితే చర్మం నలిగి, పుండుపడి, మచ్చ మిగులుతుంది. కుడిచేతివాటం వాళ్లు బొమ్మను కింద కుడి మూల నుంచి మొదలుపెడతారు. తుడిచేటప్పుడు పైభాగంలో, ముందే చర్మానికి అద్దుకున్న నమూనా (స్టెన్సిల్) చెరిగిపోకుండా ఈ జాగ్రత్త.

యూట్యూబ్ పాఠాలు చాలావరకు తెల్లని చర్మం మీద చేసినవి. మన చామనచాయకు వాటిని ఉన్నదున్నట్టు దింపితే దెబ్బతింటాం. ఇంకు లోపలి పొరలో ఉంటుంది. ఒంటి రంగునిచ్చే మెలనిన్ దానిపైన, బయటి పొరలో ఉంటుంది. అంటే మన ఇంకును మన రంగులోంచే చూస్తాం. పలచని బూడిద రంగు, గాయం మానేసరికి ఒంటి రంగులో కలిసిపోతుంది. అందుకే ఇక్కడ మధ్యరకం నీడగా చర్మాన్నే లెక్కలోకి తీసుకోవాలి. నలుపును ధైర్యంగా పెట్టాలి, వెలుగు ఉండాల్సిన చోట సూది పెట్టకుండా వదిలేయాలి.

నేర్చుకునే దారి పెన్సిల్‌తో మొదలవుతుంది. హెచ్‌బీ నుంచి 6బీ దాకా పెన్సిళ్లతో తెలుపు నుంచి నలుపుకు అతుకు లేకుండా పట్టీలు దిద్దాలి. తర్వాత సిలికాన్ చర్మం, అరటి, నారింజ తొక్కలు. సిలికాన్‌కు నెత్తురు రాదు, వాపు రాదు, మానడమూ ఉండదు. కాబట్టి అక్కడ పాసైనంత మాత్రాన మనిషి మీద పాసైనట్టు కాదు. పనితనానికి అసలు పరీక్ష పొక్కు రాలి, నెల గడిచాక ఆ చోటు చూస్తేనే.

సూది నెత్తురును తాకే వృత్తి ఇది. ప్రతి మనిషికీ కొత్త సూది, కొత్త ఇంకు మూత, కొత్త గ్లౌజులు వాడి తీరాలి. చేసేవాళ్లు హెపటైటిస్-బి టీకా ముందే వేయించుకోవాలి. పొడిపించుకున్నవాళ్లు 12 నెలలు రక్తదానం చేయకూడదని మన దేశపు మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉత్తరాంధ్రలో ఇంకో ప్రశ్న కూడా తప్పదు: ‘తమ్ముడూ, ఆర్మీకి ప్రయత్నిస్తున్నావా?’ సైన్యంలో చేరాలనుకునేవాళ్లకు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక మాత్రమే శాశ్వత టాటూలకు అనుమతి. ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకు వెసులుబాటు ఉంది. ఆ మాట అడగకుండా భుజం మీద సింహం దించితే, షేడింగ్ ఎంత బాగా కుదిరినా ఆ కుర్రాడికి అన్యాయం చేసినట్టే.

టాటూ ఎందుకు చెరగదో 2018లో ఫ్రాన్స్‌లోని మార్సే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూపించారు. చర్మంలోని మాక్రోఫేజ్ కణాలు ఇంకును మింగి పట్టుకుంటాయి. అవి చనిపోతే వదిలిన రంగును కొత్త కణాలు అందుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ గీత కొంత లావెక్కుతుంది, అంచు మెత్తబడుతుంది. ఇది ఏ కొత్త టాటూ ఫొటోలోనూ కనిపించదు. మామ్మల ముంజేతుల మీద కనిపిస్తుంది. అక్కడ ఎడంగా పెట్టిన చుక్కలు ఈనాటికీ విడివిడిగా నిలిచాయి, ఇరికించి రాసిన అక్షరాలు ముద్దయ్యాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మలు వెతికే ముందు తమ వీధిలోని పెద్దావిడను అడిగి ఆ చెయ్యి చూడాలి, కాగితం మీద దించుకోవాలి. ఎంత ఖాళీ వదిలితే ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ చుక్కలు చెబుతాయి. షేడింగ్‌లో ముందు నేర్వాల్సింది ఆ లెక్కే.