తెలుగు వైద్యరచనలో ‘విషం’: ఒక పరిశీలన

తెలుగు ఆరోగ్యవ్యాసాలలో విరివిగా వాడబడి, అరుదుగా వివరింపబడే మాట ‘విషం’. పాముకాటు, కల్తీ కల్లు, సూక్ష్మజీవి పదార్థం అన్నీ దీని కిందికే చేరుతాయి. లాటిన్‌లో ‘వైరస్’కు సైతం విషమనే అర్థం. దీర్ఘకాలిక హెపటైటిస్ బి, సి వ్యాధులను గురించి రాసేచోట ఈ అస్పష్టత కేవలం భాషాదోషంగా మిగలదు.

వైరస్ ఉండేది కాలేయకణంలో. విషం వచ్చేది పేగునుండి. గ్రామ్ నెగటివ్ బాక్టీరియా వెలుపలి పొరలోని లైపోపాలిసాకరైడ్‌నే ఎండోటాక్సిన్ అంటారు. ‘బాక్టీరియా స్రవించే విషం’ అని రాయటం సరికాదు. అది కణకవచంలో భాగం, ప్రధానంగా కణం చితికినప్పుడు వెలువడుతుంది. పేగుగోడ దాటిన కొద్దిపాటి అంశాన్ని కాలేయంలోని కుఫర్ కణాలు తొలగిస్తాయి. కాలేయం గట్టిపడేకొద్దీ పేగుగోడ సడలుతుంది, ఈ వడపోతా దెబ్బతింటుంది. అప్పుడు ఎండోటాక్సిన్ టీఎల్ఆర్-4 గ్రాహకం ద్వారా వాపును ప్రేరేపిస్తుంది. ఈ గ్రాహకం మచ్చకణజాలాన్ని పెంచే తీరును 2007లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. 2011లో బి, సి రోగుల రక్తంలోనూ ఈ చొరబాటు జాడలు కనిపించాయి.

అయితే ఇదే పదార్థం ఎలుకలలో హెపటైటిస్ బి వైరస్ వృద్ధిని అణచినట్లు 2005 ప్రయోగం తెలిపింది. కనుక ‘విషాన్ని కడిగేస్తే రోగం పోతుంది’ అనే వాదం శాస్త్రం నుండి పుట్టినది కాదు, పదం నుండి పుట్టినది.

ఆత్రేయపురం పాఠకుని దృష్టితో చూస్తే ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. ఆ మండలంలోని బొబ్బర్లంక వద్దనే మధ్యడెల్టా కాలువ మొదలవుతుంది. కాలువల సీమలో ‘కామెర్లు’ ఒకే జబ్బు, పసరు దాని మందు. కలుషితమైన నీటివల్ల వచ్చే ఎ, ఇ రకాలు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఖ్యాతి పసరుకు దక్కుతుంది. రక్తంద్వారా సంక్రమించే బి, సి రకాలలో కన్ను తెల్లబడినా వైరస్ ఉండిపోవచ్చు. నేలఉసిరి వర్గపు మొక్కపై త్యాగరాజన్, బ్లమ్‌బర్గ్ ప్రభృతులు 1988లో ప్రకటించిన ఫలితం ఆశాజనకమే: మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో బి ఉపరితల ప్రతిజనకం కనిపించలేదు. తరువాతి పరీక్షలు దీనిని బలపరచలేదు. మొదటి సగం చెప్పి ఆగిపోయే రచన వల్ల రోగి రక్తపరీక్షను వాయిదా వేసుకుంటాడు.