కాలకేయులకు దేవుడెవరు?

'బాహుబలి' మొదటి భాగం 2015 జూలై 10న విడుదలయింది. దాని మీద వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ గురించి, వసూళ్ళ గురించి, కట్టప్ప ఎందుకు పొడిచాడన్న ప్రశ్న గురించి. మనం అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ సినిమాలో మాహిష్మతి మీదికి దండెత్తి వచ్చే కాలకేయులెవరు? వాళ్ళ దేవుడెవరు? పుడితే ఏం చేస్తారు, చస్తే ఏం చేస్తారు?

ఇది కల్పిత కథ గదా, లేని జాతికి లేని దేవుణ్ణి అడుగుడేందని మిత్రులు నవ్వొచ్చు. కానీ మాహిష్మతి కూడా కల్పితమే. దానికి మాత్రం దేవత ఉంది, జాతర ఉంది, పట్టాభిషేకం ఉంది, రాజమాత మాటే శాసనమనే కట్టుబాటు ఉంది. శివలింగాన్ని భుజాన మోసుకొచ్చి జలపాతం కింద పెట్టే నాయకుడున్నాడు. కల్పనలో కూడా కొందరికే మతం పంచిన్రు, కొందరికి పంచలేదు. ఆ పంపకం లెక్క చూడాలె.

కాలకేయులనే పేరు సినిమావాళ్ళు పుట్టించింది కాదు. మహాభారతం అరణ్యపర్వంలో వాళ్ళున్నారు. వృత్రుడు చచ్చినంక సముద్రంలో దాక్కొని, రాత్రిపూట మునులను చంపే దానవులు. అగస్త్యుడు సముద్రం తాగేస్తే దాక్కునే చోటు లేక దేవతల చేతిలో హతమవుతారు. అదే పర్వంలో అర్జునుడు హిరణ్యపురంలో కాలకేయులను మళ్ళీ చంపుతాడు. వాళ్ళకు పట్టణముంది, తల్లి పేరుంది, అయినా కథలో వాళ్ళు చెయ్యగలిగింది చచ్చిపోవడమే. 1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరి' రాసి, ఈ అవతార కథలన్నీ వచ్చినోళ్ళు ఉన్నోళ్ళ మీద చేసిన యుద్ధాల కథలని తిప్పి చదివాడు. నూటనలభై ఏండ్ల తర్వాత మన సినిమా ఆ చదువును మళ్ళీ తలకిందులు చేసింది. ఇక్కడ రాక్షసుడే బయటినుంచి వచ్చినోడు, కోటలో ఉన్నోడు నేల బిడ్డ.

తెర మీద కాలకేయులకు ఇచ్చిందేమిటి? నల్లరంగు పూత, మురికి పండ్లు, జుట్టు, ఒక నాయకుడు. వెతికి చూసినా వాళ్ళ ఆడవాళ్ళు నాకు కనిపించలేదు, పిల్లలు కనిపించలేదు, ముసలోళ్ళు కనిపించలేదు. యుద్ధానికి ముందు మాహిష్మతి కాళికి మొక్కుతుంది, వీళ్ళు ఎవరికీ మొక్కరు. నాయకుడి పేరు ఇంకోషి. దక్షిణాఫ్రికాలో జులూ భాషలో 'ఇంకోసి' అంటే రాజు, పెద్ద. ఆ పోలిక తెలిసి పెట్టిన్రో తెలియక పెట్టిన్రో గాని, నల్లపూతతో కలిపి చూస్తే ముచ్చటగా మాత్రం లేదు. వాడు నోరు తెరిచి చేసే మొదటి పెద్ద పని రాజమాత శివగామి గురించి కూయరాని కూత కూయడం. బయటోడు మన ఆడవాళ్ళ మీద కన్నేసిండని చెప్తే చాలు, తర్వాత ఎంతమందిని నరికినా హాలు చప్పట్లు కొడుతుంది. ఈ తర్కం మనకు కొత్తది కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను చంపినప్పుడు కూడా పెత్తందార్లు ముందు పెట్టుకున్నది ఆడవాళ్ళను అల్లరి పెట్టారన్న ఆరోపణనే. ఆ గొడవ మొదలైంది కూడా ఒక సినిమా హాల్లోనే.

భాష ఇచ్చారు గదా అనొచ్చు. నిజమే. తమిళ గీత రచయిత మదన్ కార్కి వాళ్ళ కోసం కిలికి అనే భాషను తయారు చేశాడు. దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు అని అప్పుడు పత్రికలన్నీ రాసినయి. 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నువ్వు. ఆ శ్రమను నేను చిన్నచూపు చూడను. కానీ 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినం నాడు, ఆ కిలికికి లిపి, వెబ్‌సైటు విడుదల చేసిన్రు. ఎవరి తల్లీ మాట్లాడని భాషకు మాతృభాషా దినం! ములుగు, ఏటూరునాగారం అడవుల్లో జనం నోళ్ళలో బతుకుతున్న కోయ భాషలో ఒక్క మాట రాని మా పట్నం పిల్లలకు కిలికి డైలాగులు కంఠతా వచ్చినయి. హాస్టళ్ళలో నల్లగున్న పిల్లగాన్ని 'కాలకేయా' అని పిలవడం కూడా వచ్చింది.

అదే కార్కి తమిళంలో రాసిన మాటల్లో 'పగడై' అనే మాట తిట్టుగా వాడాడు. అది తమిళనాడులో అరుంధతీయుల కులం పేరు. ఆ అరుంధతీయుల్లో చాలామంది ఇండ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడుతరు. 2015 జూలైలోనే మదురైలో నిరసనలు లేచినయి, రచయిత క్షమాపణ చెప్పాడు. తెలుగు పత్రికలకు ఇది పెద్ద వార్త కాలేదు. లేని జాతికి వ్యాకరణం కూర్చినంత ఓపిక, ఉన్న జాతి పేరును తిట్టు చెయ్యొద్దన్న దగ్గర లేకపోయింది.

ఇక దున్నపోతు సంగతి. యుద్ధానికి ముందు కాళి ముందర దున్నపోతును బలియ్యాలె. భల్లాలదేవుడు నరుకుతాడు. బాహుబలి మాత్రం మూగజీవిని చంపనని తన చెయ్యి కోసుకొని నెత్తురిస్తాడు. ఈ సన్నివేశం అందరికీ నచ్చింది, నాకూ మొదటిసారి నచ్చింది. తర్వాత ఆలోచిస్తే కొన్ని కనిపించలేదు. తెలంగాణ ఊళ్ళల్ల పోచమ్మకో మైసమ్మకో దున్నపోతును ఇచ్చేటప్పుడు ఎంతమంది పని ఉంటది! డప్పు కొట్టేది మాదిగోడు, దేవతను పిలిచేది బైండ్లోడు, నెత్తురు కలిపిన అన్నం పొలి చల్లుకుంట రాత్రిపూట పొలిమేర తిరిగేది వాళ్ళే. ఊరికి రోగం రాకుండ కాపాడే ఆ పని చేసినోడికి ఊరి నడుమ ఇల్లు లేదు. సినిమా ఆ కొలుపును తీసుకొని, దాన్ని చేసే మనుషులను తీసి పక్కన పెట్టి, కత్తిని రాకుమారుల చేతికిచ్చింది.

నేను కొలుపును ఆకాశానికెత్తడం లేదు. అందులో మనోళ్ళకు దక్కింది ఎక్కువ మటుకు వెట్టి. డప్పు కొట్టం, చచ్చిన గొడ్డును మొయ్యం అని ఎదురు తిరిగిన మాదిగ యువకులు ఊరూరా ఉన్నారు, దానికి వెలి, దెబ్బలు అనుభవించినోళ్ళున్నారు. బలిని కాదనే హక్కు ఎవరికన్నా ముందుంటే దాని బరువు మోసినోళ్ళకుంది. సినిమా ఆ తిరుగుబాటును దయ పేరుతో క్షత్రియుని ఖాతాలో వేసింది. అదే చేత్తో ఆ సాయంత్రం వేలమంది కాలకేయులను నరికితే దయ ప్రసక్తి రాదు. దున్నపోతుకు దక్కిన జాలి వాళ్ళకు దక్కలేదు.

వరంగల్లో కూచొని ఈ సినిమా చూసినోడికి మేడారం యాదికి రాకపోతే ఆశ్చర్యం. ఇక్కడ కథ ఇంకో దిక్కు నుంచి నడుస్తది. కరువులో కప్పం కట్టలేమన్న కోయలమీదికి కాకతీయ సైన్యం పోయింది. పగిడిద్దరాజు, గోవిందరాజు, సారలమ్మ పడిపోయారు. జంపన్న సంపెంగ వాగులో పడితే అది జంపన్న వాగయింది. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట దిక్కు పోయి కనిపించకుండ పోయింది. ఇది శాసనాల్లో చెక్కిన చరిత్ర కాదు, కోయల నోట నిలిచిన చరిత్ర. డోలీలు పడిగె గుడ్డలు పట్టి గట్ల కథలు పాడుతరు, ఒక్కో గట్టుకు ఒక్కో ఇలవేల్పు.

కోట దృష్టిలో చూస్తే వీళ్ళే కాలకేయులు. కానీ వీళ్ళకు ఆచారముంది. రెండేండ్లకోసారి మాఘ పున్నమి వేళ కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తరు. మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణెగా దిగుతది. విగ్రహం లేదు. కంకవనం గద్దె మీదికి వస్తది, బెల్లమే బంగారం, దారిపొడుగునా ఎదురుకోళ్ళు. పూజ చేసేది కోయ వడ్డెలు. సర్కారు 1996లో దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. ఓడిపోయిన పక్షాన్ని దేవతలుగా నిలబెట్టుకున్న ఈ పద్ధతి మన సినిమా కథకులకు అందుబాటులోనే ఉంది. చూసే ఓపికే లేకపోయింది.

సినిమాలో లోపలి యోధుడు ఒకడున్నాడు, కట్టప్ప. తాతముత్తాతల మాటకు సింహాసనానికి కట్టుబానిస. వాడు అందరికన్నా గొప్ప కత్తివీరుడు, వాని చేతి కత్తులు రాజ్యానికి కావాలె. విడిపిస్తానని అస్లాంఖాన్ అంటే వద్దంటాడు. బయటి యోధుడు చావాలె, లోపలి యోధుడు కాళ్ళకాడ కూచోవాలె. కట్టప్ప జాతికి కూడా ఒక దేవుడు, ఒక పండుగ, ఒక పెండ్లి పాట సినిమా ఇయ్యలేదు. మాట తప్పకపోవడమే వాళ్ళ మతమంది. వెట్టికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు.

యుద్ధం అయిపోయిన మైదానంలో కాలకేయుల శవాలు గుట్టలుగా పడి ఉన్నయి. ఊళ్ళల్ల కళేబరాలు ఎవరు ఎత్తుతరో, బొందలు ఎవరు తవ్వుతరో ఇది చదివేవాళ్ళకు చెప్పనక్కర లేదు. కట్టప్ప మనుషులే ఎత్తి ఉంటరు. సినిమా ఆ తెల్లారిని చూపించలేదు, తిన్నగా రాజెవరో ప్రకటించే కాడికి పోయింది.