అంకశ్రేఢి ప్రదేశం: గచ్ఛ భిన్నమైనప్పుడు

అంకశ్రేఢిని ప్రమేయంగా నిర్వచించినప్పుడు దాని ప్రదేశం సహజ సంఖ్యల సమితి. శ్రేఢి పరిమితమైతే ఆ సమితిలోని తొలి భాగం. బోధనలో ఈ వాక్యం ఒకసారి వినిపించి, లెక్కలు మొదలయ్యాక అదృశ్యమవుతుంది. 2, 5, 8... శ్రేఢిలో ఎన్ని పదాల మొత్తం 40 అని అడిగితే వర్గసమీకరణానికి 5, −16/3 అనే మూలాలు వస్తాయి. రెండవదానిని 'రుణాత్మకం కనుక' తిరస్కరించడం పరిపాటి. ఫలితం సరైనదే, కారణం అసంపూర్ణం. మొత్తం 5/8 అని అడిగితే ధనమూలం 1/2 వస్తుంది. అక్కడ ఆ కారణం పనిచేయదు. ప్రదేశమే సమాధానం చెప్పాలి.

శ్రీధరాచార్యుని 'పాటీగణితం' ఈ 1/2ను తిరస్కరించదు. శ్రేఢిని సమలంబ చతుర్భుజంగా గీసి, దాని ఎత్తును గచ్ఛగా, వైశాల్యాన్ని మొత్తంగా గ్రహించే పద్ధతి అందులో ఉంది. పై శ్రేఢికి చతుర్భుజపు కింది భుజం 1/2. ఎత్తు 1 అయితే పై భుజం 7/2, వైశాల్యం 2. ఎత్తు 1/2 అయితే పై భుజం 2, వైశాల్యం 5/8. మొదటి పదమైన 2లో సగం 1 కదా అన్న సందేహం సహజం. రోజుకూలి లెక్కలో ఆ సందేహం న్యాయమైనదే. అక్కడ గచ్ఛ పూర్ణాంకమే. ఏకరీతిగా వేగం పెంచుకుంటూ పారే నీటి విషయంలో మాత్రం మొదటి పూట 5/8, రెండవ పూట 11/8 పారుతుంది. సూత్రం ఒకటే, ప్రదేశాలు వేరు.

కనుక భిన్న గచ్ఛను సూత్రాన్ని యాంత్రికంగా వాడిన పొరపాటుగా చూడడం అన్యాయం. దానిని కలనగణితానికి పూర్వరూపమని కీర్తించడమూ అతిశయోక్తే. క్షేత్రం ఇచ్చిన అర్థానికి మించి అక్కడ ఏ వాదమూ లేదు.

మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహం' కూడా భిన్నశ్రేఢులను చర్చించింది. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చిన గ్రంథమిదే. అందువల్ల ఈ పరిభాష తెలుగు పరిశోధకునికి పరాయిది కాదు. గచ్ఛను 'పదాల సంఖ్య' అని అనువదించి ఊరుకుంటే మాత్రం నష్టం జరుగుతుంది. సంఖ్య అనగానే లెక్కింపు స్ఫురిస్తుంది. గమనార్థకమైన గచ్ఛ నడిచిన మేరను సూచిస్తుంది, మేరకు సగం ఉండవచ్చు.

రేఖాచిత్రంలో పదాల బిందువులను గీతతో కలిపే అలవాటునూ ఇక్కడే ప్రశ్నించాలి. ఆ గీతపై 1/2 వద్ద కనిపించే విలువ 1/2. అది అర పదం కాదు, అర పదం వరకు మొత్తమూ కాదు. శ్రీధరుని చతుర్భుజానికి కింది భుజం.